మారుపూత

బొగ్గాసురుడు మీకు గుర్తుండకపోవచ్చు. గుర్తు లేకపోతే మంచిదే, అందుకోసం కొందరు చాలా పాటుపడ్డారు. ఆ పాటులో ఒక మనిషి ఏం పోగొట్టుకుందో చెప్పాలంటే మాత్రం వాణ్ణి ఇంకొక్కసారి మీ ముందుకు తీసుకురాక తప్పడం లేదు.

ఒకప్పుడు వేసవి సెలవులు వచ్చాయంటే బాలతార చానెల్లో "గాలిపడవ గోపి" కార్టూను వచ్చేది. గోపి అనే గడుగ్గాయి ఎగిరే పడవెక్కి దీవులన్నీ తిరుగుతాడు. ఒక దీవిలో వాణ్ణి పట్టుకునేవాడే బొగ్గాసురుడు. ఒంటినిండా మసి పూసిన నలుపు, ముఖంలో సగం పెదవులే, జుట్టులో గుచ్చిన ఎముక, నడుముకి గడ్డి. "కాలు తిననా, చెయ్యి తిననా" అంటూ కుర్రవాడి చుట్టూ గెంతుతాడు. గెంతినంతసేపూ వెనక డప్పుల దరువు మోగుతుంది. ఆపైన పొట్ట పట్టుకుని గరగరమని ఒక నవ్వు నవ్వుతాడు. తెలుగునాట పిల్లలందరూ అది చూసి పొర్లి పొర్లి నవ్వారు. పెద్దలూ నవ్వారు. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు.

నవ్వనివాళ్లు హైదరాబాదులో, ఏసీ గార్డ్స్ బస్తీలో ఉండేవారు. నిజాం అశ్వదళంలో పనిచేయడానికి ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల మనవలూ మునిమనవలూ వాళ్లు. పుట్టింది ఇక్కడే, పెరిగింది ఇక్కడే, రింగుల జుట్టూ ఒంటి రంగూ మాత్రం తాతలవి. ఆ కార్టూను మొదలైన ఏడాది నుంచి ఆ బస్తీ పిల్లలు ఏ బడికి వెళ్లినా తల్లిదండ్రులు పెట్టిన పేరు గేటు బయటే ఉండిపోయేది. లోపల అందరూ బొగ్గాసురులే.

వాళ్లలో సకీనా అనే పిల్ల బాధ మరికొంచెం వేరు. ఆ బొగ్గాసురుడి గొంతు వాళ్ల నాన్నది.

నాన్న ముబారక్ పెళ్లి ఊరేగింపుల్లో మర్ఫా వాయించేవాడు. మర్ఫా అంటే పెళ్లికొడుకు ముందు డప్పులూ బిందెలూ కర్రపుల్లలతో మోగించే సిద్దీల వాద్యం. ఆ దరువు వింటే కర్ర పట్టుకుని నడిచే ముసలివాళ్లకి కూడా భుజాలు ఊగుతాయి. కార్టూను తీసేవాళ్లు దరువు కోసమని ముబారక్‌ని స్టూడియోకి పిలిచారు. గొంతు ఇవ్వాల్సిన నటుడు ఆ రోజు రాలేదు. "నువ్వే కాస్త నవ్వి పెట్టవయ్యా" అన్నారు. నవ్వి పెట్టాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే జ్వరమొచ్చి పోయాడు. సకీనాకి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. ఆమెకి నాన్న ముఖం గుర్తులేదు, మాట గుర్తులేదు. ఏటా వేసవిలో ఇరుగుపొరుగు టీవీల్లోంచి మాత్రం ఆయన నవ్వుతూనే ఉండేవాడు.

ఆ పిల్ల తరగతిలోకి అడుగుపెడితే చాలు, వెనక బెంచీల మీద ఆ దరువు మొదలయ్యేది. టీచర్లు మందలించబోయి నవ్వు ఆపుకునేవారు. దాంతో సకీనాకి ఆ దరువంటేనే ఒళ్లు మండిపోయేది. బస్తీలో పెళ్లి జరుగుతుందంటే తలనొప్పి అనేది, పరీక్షలు అనేది, ఏదో ఒకటి చెప్పి ఇంట్లో పడుకునేది. అలాంటి పిల్ల పెద్దయ్యాక సౌండ్ ఇంజనీరు కావడం చూసి నవ్వుకున్నవాళ్లున్నారు. ఆమెకి మాత్రం ఎందుకో తెలుసు. శబ్దం తనని ఏడిపించింది కాబట్టి దాన్ని చేతిలోకి తీసుకోవాలనుకుంది.

ఎన్నో అర్జీల తర్వాత బాలతార ఆ కార్టూన్ని ఆపేసి, టేపులని చల్లగదిలో పెట్టి తాళం వేసింది. తప్పని తెలిసి వేసిందో, గొడవెందుకని వేసిందో ఆ చానెలుకే తెలియాలి. తాళం టేపులకి పడింది గానీ బుర్రలకి పడలేదు. చూసి పెరిగినవాళ్లు తమ పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుని "మా చిన్నప్పుడు బొగ్గాసురుడని ఉండేవాడ్రా" అంటూ గెంతి చూపించేవారు. ఎన్నడూ ఆ కార్టూను చూడని పిల్లలు కూడా బెంచీల మీద అదే దరువు వేసేవారు. మధ్యలో ఒకసారి చానెల్ వాళ్లు బొమ్మలు మార్చి గీయించి, కొత్త గొంతు పెట్టి చూశారు. "మా కాలంలో ఇంతకన్నా బాగుండేది" అని జనం పాతదాన్నే తలుచుకున్నారు.

అప్పుడు మొదలైంది మారుపూత.

ఆ పరిశోధనకి పెద్ద డాక్టర్ సుమిత్ర. రాజమండ్రి మనిషి, మెదడు శాస్త్రం చదివింది, ఎంత పెద్ద విషయమైనా వంటింటి మాటల్లో చెబుతుంది. నాచారంలోని ప్రయోగశాలలో ఆమె దగ్గర సకీనా శబ్దం సంగతి చూసేది.

మొదటి పరీక్షకి వచ్చినాయన వీరభద్రం అనే రైల్వే గుమాస్తా, కాజీపేట వాడు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చిన్నప్పుడు చూసిన బొగ్గాసురుడి గురించి చెప్పమన్నారు. ఆయన ముందు సిగ్గుపడ్డాడు, తర్వాత ఊపందుకున్నాడు, చివరికి కుర్చీలోంచి లేచి గెంతి మరీ చూపించాడు. అద్దం వెనక మీటల ముందు కూర్చున్న సకీనా ముఖం కదలనివ్వలేదు.

"మనవాళ్లు జ్ఞాపకమంటే రాతి మీద చెక్కిందనుకుంటారు," అంది సుమిత్ర, ఆమె భుజం మీద చెయ్యి వేసి. "కాదమ్మా, సున్నం గోడ. తలుచుకున్నప్పుడల్లా తడుస్తుంది. నిద్రలో మళ్లీ ఆరుతుంది. తడిగా ఉన్నప్పుడు వేరే రంగు వేశామనుకో, ఆ రంగుతోనే ఆరిపోతుంది. చూడు, ఈయన గోడ ఇప్పుడు బాగా తడిసింది. ఇక నీ పని కానియ్యి."

సకీనా మీట తిప్పింది. తెర మీద కొత్తగా గీసిన గోపి మొదలైంది. ఆ బొమ్మ కింద చెవికి అందని సన్నటి రొద ఒకటి సకీనా కలిపింది. తడి తొందరగా ఆరకుండా చూసేది అదే. అద్దం ఇవతలికి అది చేరదు. కొత్త కథలో బొగ్గాసురుడు లేడు, దీవి కాపరి ఉన్నాడు. పొడవాటి నల్లటి మనిషి, భుజం మీద కండువా, నెమ్మదైన నడక. అలసి నిద్రపోయిన గోపిని "లే నాయనా, సూర్యుడొచ్చాడు" అని లేపి, చేపల పులుసు పెట్టి, దారి చూపిస్తాడు. ఆదిశేషు అనే రంగస్థల నటుడు బొడ్డులోంచి తీసిన గొంతుతో ఆ మాటలు చెప్పాడు.

మర్నాడు వీరభద్రాన్ని మళ్లీ పిలిచి, ఆ దీవిలో ఎవరుంటారని అడిగారు.

"కాపరి ఉంటడు కదా మేడమ్," అన్నాడాయన, ఇదేం ప్రశ్న అన్నట్టు. "చిన్నప్పటిసంది నాకు ఆ గొంతంటే మస్తు ధైర్యం."

"బొగ్గాసురుడని ఎవరైనా గుర్తున్నారా?"

"గా పేరే వినలే."

సకీనా బాత్రూములోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చింది. బెంచీల మీద దరువు వేసిన ఒక చెయ్యి ఆగిపోయింది. అన్ని చేతులూ ఆగే రోజు వస్తుందని ఆమెకి మొట్టమొదటిసారి అనిపించింది.

అయితే అందరూ వీరభద్రంలా లొంగలేదు. కొందరు పాతదీ కొత్తదీ కూడా గుర్తుంచుకుని వచ్చేవారు. గోడ పూర్తిగా తడవడం లేదని సుమిత్ర తేల్చింది. పాత కార్టూన్లోని ముక్క ఒకటి కొత్తదానిలో అలాగే ఉంచాలి, అది తగలగానే జ్ఞాపకం గడియ ఊడి తలుపు బార్లా తెరుచుకోవాలి. పడవ బొమ్మ ఉంచి చూశారు, మొదట్లో వచ్చే పాట ఉంచి చూశారు. ఫలితం అంతంతమాత్రమే.

"దరువు ఉంచుదాం మేడమ్," అంది సకీనా ఒక మధ్యాహ్నం.

"మీ నాన్నగారి దరువా?"

"హా. బొమ్మ మర్చిపోయినోళ్లు ఉన్నరు గానీ దరువు మర్చిపోయినోళ్లు లేరు. అది వింటే మొత్తం తెరుసుకుంటరు. నాకంటె ఎక్కువ ఎవరికి తెలుసు?"

దరువు పెట్టాక ఒక్క మనిషి కూడా తప్పలేదు. సుమిత్ర పొంగిపోయింది. అంత పొంగులోనూ ఒక మాట అడిగింది.

"మీ బస్తీ వాళ్లని కూడా కొందరిని పిలిచి చూద్దామా, సకీనా? అన్ని రకాల వాళ్ల మీదా చూడడం మంచిది కదా."

"నక్కో మేడమ్," అంది సకీనా. "మావోళ్లు మళ్లా ఆ బొమ్మ ముంగట కూసునుడు వద్దు. ఇప్పటిదాకా పడ్డది చాలు."

సుమిత్ర ఇంక బలవంతం చేయలేదు. సకీనా ఆ మాట తనవాళ్ల మీద ప్రేమతోనే అంది. జరగాల్సిన నష్టానికి అక్కడే దారి పడింది.

ఇంట్లో తల్లి జోహ్రాబీ ఒక్కతే ఉండేది. తల్లీకూతుళ్లు ఇంట్లో మాట్లాడుకునేది దక్కనీ ఉర్దూ, మీ కోసం తెలుగులో చెబుతున్నాను. జోహ్రాబీకి ఒక విద్య ఉంది. చనిపోయిన మొగుడిలా మాట్లాడగలదు. సకీనా చిన్నప్పుడు బడి నుంచి ఏడుస్తూ వచ్చిన ప్రతిసారీ ఆ విద్య బయటికి తీసేది. ఆ అలవాటు ఇద్దరికీ పోలేదు. కూతురు ఇప్పటికీ ఏ దిగులొచ్చినా తల్లి పక్కన చేరి "అమ్మీ, జర అబ్బా లెక్క పిలువు" అనేది. అబ్బా అంటే వాళ్లింట్లో నాన్న.

జోహ్రాబీ గొంతు సన్నం చేసుకుని, కొంచెం ముక్కులోకి తెచ్చుకుని, చివర పైకి లేపి పిలిచేది. "సక్కూ, లేవే బిడ్డా. పిట్టలు నీకంటె ముందే లేచినయ్."

"ఇంత మెత్తగ మాట్లాడేటోడా?"

"మరి? డప్పు కొడితే గల్లీ అదిరేది, మాటేమో పక్కనున్నోళ్లకు ఇనబడకపోయేది. నన్ను కోపం చేస్తే గూడ నవ్వొచ్చేది నాకు."

ఆ కార్టూన్ని మాత్రం జోహ్రాబీ ఒక్కసారి కూడా చూడలేదు. పక్కింటి టీవీలో అది మొదలవగానే పెరట్లోకి పోయి గిన్నెలు తోముకునేది. "అది ఆయన నవ్వు కాదు. వాళ్లు గుంజుకున్న నవ్వు," అనేది. మర్ఫా మోగే పెళ్లిళ్లకి మాత్రం ముందు వరసలో నిలబడేది. దరువు మొదలైతే కళ్లు మూసుకునేది. ఆ సంగతి బస్తీలో అందరికీ తెలుసు. పెళ్లిళ్లకి వెళ్లని కూతురికి ఒక్కదానికే తెలియదు.

కొత్త గోపిని బాలతారలో అందరికీ వేయడం ఖాయమైంది. ఆ ప్రసారానికి ముందు ఒకసారి నరహరి గారు ప్రయోగశాలకి వచ్చారు. పాత కార్టూన్ గీసిన చిత్రకారుడాయనే. ఎనభై దాటిన మనిషి, చేతులు వణుకుతున్నాయి, తన గోపి మళ్లీ టీవీలో కనిపిస్తాడంటే చూసి పోవాలని వచ్చారు. దరువు లేకుండా, రొద లేకుండా ఆయనకి కొత్త బొమ్మలు చూపించారు. కాపరి కనిపించాక ఆయన ఆ ముక్క ఇంకొకసారి వేయమన్నారు. సకీనా ఎవరి కూతురో తెలిశాక అసలు తల ఎత్తలేకపోయారు.

"పరాయి దేశాల కార్టూన్లు చూసి నేర్చుకున్నవాణ్ణమ్మా నేను. వాళ్లు నల్లవాళ్లని అలా గీసేవారు, నేనూ అలాగే గీశాను. మీ నాన్న నా ఎదురుగుండా నిలబడి ఉండగా ఆయన వైపు చూడకుండా గీశాను."

"ఆయన మాట గుర్తుందా సార్?"

"గుర్తులేకేం. పాపం చాలా మెత్తని గొంతు. అలా నవ్వితే పిల్లలు భయపడరయ్యా, గొంతు చించు అన్నాను. మళ్లీ మళ్లీ నవ్వించాను. చివరికి దగ్గు తెర వచ్చింది. అదీ బాగుందని ఉంచేశాను."

"ఆయన మామూలుగా మాట్లాడింది ఎక్కడన్న రికార్డు అయిందా?"

"లేదు తల్లీ. నవ్వూ, ఆ తినే మాటా, అంతవరకే తీసుకున్నాం. మనిషితో మాకేం పని అప్పుడు?"

సకీనాకి ఆయన్ని తిట్టాలనిపించింది. ఆ వణికే చేతులు చూసి ఊరుకుంది. గేటు దాకా వెళ్లి ఆటో ఎక్కించి వచ్చింది.

ప్రసారం ఆదివారం సాయంత్రం. పాత జ్ఞాపకాలు మారవచ్చుననీ, ఇష్టంలేని వాళ్లు వేరే చానెల్ పెట్టుకోవచ్చుననీ ముందుగా తెర మీద వేశారు. అలాంటివి ఎవరు చదువుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. సకీనా ఆ పూట చానెల్ ఆఫీసులో, రొద చేరని యంత్రాల గదిలో ఉండాలి. బయల్దేరేముందు తల్లి ముందు కూర్చుని చేతులు పట్టుకుంది.

"ఈసారి చూడు అమ్మీ. పెరట్లకు పోకు. అందులో సిగ్గుపడేది ఏం లేదు ఇప్పుడు. మనోడు మర్యాదగ నిలబడ్డడు. అబ్బా దరువు అట్లనే ఉంచిన."

"ఆయన దరువా?" జోహ్రాబీ కళ్లు మెరిశాయి. "అయితే గల్లీ మొత్తాన్ని పిలుస్త."

అన్నట్టే పిలిచింది. జోహ్రాబీ ఇంట్లోనూ, గుమ్మం బయటా, ఎదురింటి అరుగు మీదా జనం కూర్చున్నారు. ముబారక్‌తో కలిసి వాయించిన యూసుఫ్ చాచా కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు. దరువు మొదలైంది. కళ్లు మూసుకున్నవాళ్లు మూసుకున్నారు, కళ్లు తుడుచుకున్నవాళ్లు తుడుచుకున్నారు. తెర మీద కాపరి మాట్లాడటం మొదలుపెట్టాడు.

సకీనా సోమవారం పొద్దున్న ఇంటికి వచ్చేసరికి తల్లి పండగలా ఉంది. మెడ కౌగలించుకుంది, నుదురు ముద్దుపెట్టుకుంది, గల్లీలో ఎవరెవరు ఏమన్నారో చెప్పింది. సకీనా అలసిపోయి ఉంది, సంతోషంగా ఉంది. తల్లి ఒళ్లో తల పెట్టుకుంది.

"అమ్మీ, జర అబ్బా లెక్క పిలువు."

జోహ్రాబీ గొంతు సవరించుకుంది. మాటని పొట్టలోంచి తీసింది, బరువుగా, నెమ్మదిగా. "సకీనా. లే తల్లీ, సూర్యుడొచ్చాడు."

ఇది నేను తెలుగు చేసింది కాదు. ఆమె తెలుగులోనే అంది. ముబారక్ జన్మలో ఇంట్లో తెలుగు మాట్లాడి ఎరుగడు.

సకీనా లేచి కూర్చుంది. "ఏంది అమ్మీ, కాపరి లెక్క అంటున్నవ్? అబ్బా లెక్క పిలువు."

"అబ్బా లెక్కనే పిలిచిన కదా."

"పిట్టలు ముందే లేచినయ్ అనేటోడు కదా. సన్నగ."

"సన్నగనా?" జోహ్రాబీ నవ్వింది. "మీ అబ్బాది సన్న గొంతా? నిన్ను లేపితే నాలుగిండ్లోళ్లు లేచేటోళ్లు. మర్చిపోయినవా ఏంది? అవునులే, నీకేం గుర్తుంటది, చిన్నపిల్లవు."

సకీనా చెప్పులు కూడా వేసుకోకుండా గల్లీలోకి పరుగెత్తింది. యూసుఫ్ చాచా టీ కొట్టు ముందు కూర్చున్నాడు. అబ్బా మాట ఎట్లుండేది అని అడిగింది. "నగారా లెక్క ఉండె బిడ్డా," అన్నాడు ముసలాయన, గర్వంగా. ఆ పక్కాయనని అడిగింది, ఎదురింటి పెద్దమ్మని అడిగింది. అందరూ ఆదిశేషు గొంతే చెప్పారు, ఎంతో ఇష్టంగా చెప్పారు.

ఏం జరిగిందో అప్పటికి ఆమెకి తెలిసిపోయింది. ఊరందరికీ ఆ దరువు కార్టూన్ తలుపు గడియ. ఈ గల్లీలో అది మనిషి తలుపు గడియ. దరువు వినగానే వీళ్లు బొగ్గాసురుణ్ణి తలుచుకోలేదు, ముబారక్‌ని తలుచుకున్నారు. పెళ్లిళ్లలో ఆయన వాయించిన రోజులన్నీ తడిసి, ఆ తడి మీద కొత్త గొంతు ఆరిపోయింది. జోహ్రాబీ అయితే ఆ కార్టూను చూసిందే లేదు, తడవడానికి మొగుడి జ్ఞాపకం తప్ప మరేమీ లేదు.

"నాకు తట్టాల్సింది," అంది సుమిత్ర, సకీనా ప్రయోగశాలకి వచ్చి చెప్పిందంతా విని. "దరువు ఎవరిదో తెలిసీ నాకు తట్టలేదు."

"మీకెట్ల తడ్తది మేడమ్? ఆ గల్లీల పుట్టినదాన్ని నాకే తట్టలే." సకీనా ఏడవడం లేదు, కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. "ఆ దరువంటె నాకు బెంచీలే యాదికొస్తయ్. మావోళ్లకు పెండ్లిండ్లు యాదికొస్తయని నేను ఏనాడు అనుకోలే."

పాత గొంతుని మళ్లీ పూయడానికి దారి ఉందా అని ఇద్దరూ ఆలోచించారు. సకీనా తల్లి చేసే అనుకరణని తనే అనుకరించి చూసింది. దరువు వినిపించి, సన్నటి గొంతుతో "సక్కూ, లేవే బిడ్డా" అంది. జోహ్రాబీ పకపకా నవ్వి "ఎవరిదే ఆ పిల్లి గొంతు" అంది. ఎన్నిసార్లు చేసినా అంతే. కూతురు వేళాకోళం చేస్తోందనుకున్న మనసు దాన్ని గోడ మీద పడనివ్వలేదు. వేరే నటుడి చేత చెప్పిస్తే అంటుకుంటుందేమో గానీ అదీ ఇంకో పరాయి గొంతే, కావాల్సింది అసలు మనిషి గొంతు.

అసలు మనిషి గొంతు లోకంలో ఒక్కచోటే మిగిలింది, చల్లగదిలో. ఇక ఎవరికీ అక్కర్లేదు కాబట్టి ఆ వారంలో ఆ టేపులని చెరిపేయబోతున్నారు. సుమిత్ర వెళ్లి, చెరిపేలోపు ఆ నవ్వుని తీసుకొచ్చి సకీనా ఫోన్లో పెట్టింది.

"విను సకీనా. ముందు దరువు, వెంటనే ఈ నవ్వు. మీ అమ్మగారు అది విని నిద్రపోతే మీ నాన్న గొంతు ఆవిడకి తిరిగొస్తుంది. కానీ వచ్చేది ఇదే గొంతమ్మా. ఆయన ప్రేమగా పిలిచింది తలుచుకున్నా, నిన్ను ఎత్తుకున్నది తలుచుకున్నా, ఆవిడ చెవిలో బొగ్గాసురుడే పలుకుతాడు. ఇంకో గొంతు మన దగ్గర లేదు."

"ఇప్పుడున్నది మా అబ్బాది కాదు కదా మేడమ్."

"కాదు. కాకపోతే అది ఆవిణ్ణి ఏడిపించడం లేదు."

సకీనా ఆ ఫోను పట్టుకుని కొన్ని రోజులు తిరిగింది. ఇంతలో బస్తీలో మంచి కూడా జరిగింది, అది చెప్పకపోతే అన్యాయం. పిల్లలు బడి నుంచి తమ పేర్లతోనే తిరిగి వస్తున్నారు. ఎదురింటి ఆడపిల్లని స్కూలు నాటకంలో దీవి కాపరి వేషం వేయమన్నారట, అది గల్లీ అంతా గంతులేస్తూ చెప్పింది. సకీనా దాని తల నిమిరింది. తను కోరుకున్నదంతా జరిగింది. జరిగినదానికి సంతోషించడానికి తోడుగా నాన్న లేడు, ఇదివరకు ఉన్నంత కూడా లేడు. తల్లి గొంతులో ఉండే ఆ కాస్త నాన్న కూడా పోయాడు. సకీనాకి ఇప్పుడు ఆయన్ని తలుచుకోవాలంటే చల్లగది నవ్వు తప్ప మరో దిక్కు లేదు. అది తలుచుకుని ఆమె ఆఫీసు బస్సులో, జనం మధ్య, ముఖం కిటికీ వైపు తిప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం నమాజయ్యాక జోహ్రాబీ చాప మీద కూర్చుని గోంగూర తుంచుతోంది. సకీనా ఎదురుగా కూర్చుంది. ఫోనులో రెండు శబ్దాలున్నాయి, దరువూ నవ్వూ. ముందు దరువు నొక్కాలి. ఆమె వేలు దాని మీదికి వెళ్లి ఆగిపోయింది. గడియ తీయకుండానే అమ్మీ ఆ గొంతు గుర్తుపడుతుందేమో, ఎన్నో ఏళ్లు కాపురం చేసిన చెవులు కదా, ఏ మూలనో కాస్త మిగిలి ఉంటుందేమో అనిపించింది. నవ్వు నొక్కింది.

గరగరమనే ఆ నవ్వు చిన్న గదిలో మోగింది. నవ్వు చివర దగ్గు, దగ్గు చివర ఊపిరి కోసం వెతుక్కోవడం.

జోహ్రాబీ చేతిలో గోంగూర కాడ ఆగింది. ముఖం చిన్నబోయింది. "ఇంకొక్కపారి పెట్టు," అంది.

సకీనా ఆశగా ఫోను ఆమె దగ్గరికి జరిపింది. మళ్లీ నొక్కింది.

"ఎవరే ఇతను?"

సకీనా ఒక గోంగూర కాడ అందుకుంది. ఆకు తుంచుతూనే "పాత ఆర్టిస్టు అమ్మీ. పోయిండు," అంది.

"పాపం. నవ్వు రాకుంటె నవ్విస్తున్నరు ఎవరో. గొంతు చింపుకుంటుండు, ఇనవడ్తలేదా నీకు?" జోహ్రాబీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరి కోసమో ఆమెకే తెలియని నీళ్లు. "పెండ్లాం పిల్లలు ఉండిరా?"

"ఉన్నరు."

దరువు మీట పక్కనే ఉంది. ఇప్పుడు నొక్కితే ఈ మనిషే ఆ మనిషి అవుతాడు, ఈ నవ్వే అమ్మీకి మొగుడి గొంతవుతుంది. సకీనా తల్లి ముఖం వైపు చూసింది. ఫోను ఆపేసి చాప మీద బోర్లా పెట్టింది.

"వాళ్లకిచ్చెయ్యి ఇది," అంది జోహ్రాబీ, కొంగుతో కళ్లొత్తుకుంటూ. "మనం ఉంచుకోవద్దు. ఎట్లున్నా మనిషి గొంతు, వాళ్ల ఇంట్ల ఉండాలె."

"ఇచ్చిన అమ్మీ," అంది సకీనా.